గొడుగు హెల్మెట్

భాగ్యం మొగుడి సంచిలో రెండు చొక్కాలు, ఒక పంచ, చింతపండు అన్నం మూట సర్దింది. మూడో చొక్కా తీయబోతే యేసుదాస్ వద్దన్నాడు. మదురై మిల్లులో రిపేరు, రెండు దినాల పని అన్నాడు.

"పోయినసారీ రెండు దినాలేనంటివి మామా. పద్నాలుగాయె" అంటూ ఆమె మూడో చొక్కా పెట్టేసింది.

సింగానల్లూరులో మిల్లు కూలీల లైన్ ఇళ్లలో అందరికీ అతను మిల్లు ఫిట్టరు. సీక్రెట్ సర్వీసు ఫైళ్లలో ఏజెంట్ 19.

ఆ ఉదయమే చీఫ్ రంగరాజన్ అతని ముందు ఒక ఇనుప హెల్మెట్ పెట్టి బ్రీఫింగ్ ఇచ్చాడు. దాన్ని తుడియలూరు మెకానిక్ మునిసామి విమాన దాడుల నుంచి తలను కాపాడటానికి తయారుచేశాడు. లోపల మిల్లు దూది, పైన మడిచిన ఉక్కు గొడుగు, పక్కన స్ప్రింగు సైరన్. దెబ్బ తగిలితే గొడుగు విచ్చుకుని సైరన్ మోగాలి. కానీ తల మీద నుంచి తీసినా అదే జరుగుతుంది. మళ్లీ మడవడానికి అరపూట పడుతుంది. సైన్యం నవ్వి, 'రహస్యం' అని ముద్ర వేసిన కవరుతో తిప్పి పంపింది. ఆ ముద్ర చూసి శత్రుదేశపు ముఠా అదేదో గొప్ప ఆయుధమనుకుంది.

ఆ ముఠా మదురైలో ఏదో మిల్లుకు టైమ్‌బాంబు పెట్టనుంది. హెల్మెట్ ఎర: దాన్ని అమ్మేవాడిలా యేసుదాస్ తలకు పెట్టుకుని వెళితే వాళ్లు వస్తారు. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే వేదవల్లి బాంబు చోటు చెబుతుంది.

"అంతదాకా హెల్మెట్ తీయకూడదు" అన్నాడు చీఫ్.

"సరి అయ్యా."

మర్నాడు మధ్యాహ్నం మూడు నలభై. మదురైలో ఒక మిల్లు గేటు ముందు నల్ల కారు ఆగింది. నెమలికంఠం రంగు పట్టుచీరలో వేదవల్లి దిగింది.

"దారం తెగిందా?"

"అతికించినా."

కోడ్ సరిపోయింది. ఆమె పెదవులు కదలకుండా చెప్పింది. "ఈ మిల్లే. బాయిలర్ రూము. నాలుగింటికి. లోపల తొమ్మిదివందల మంది ఉండారు."

అంతలో కారులోంచి ముఠా లీడరు దిగాడు. తెల్ల తలపాగా, వెండిపిడి కర్ర, అచ్చం మిల్లు యజమాని, ముదలాళి వేషం. వేషమని యేసుదాస్‌కు తెలుసు. ఫొటోలో ఆ ముఖం చూసే వచ్చాడు. కానీ అతని తాత, తండ్రి, తనూ ముదలాళి ఎదురైతే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నవాళ్లు. అతనికి తెలిసింది అతని చేతులకు తెలియలేదు. అవి లేచి హెల్మెట్ తీసేశాయి.

గొడుగు విచ్చుకుంది. సైరన్ ఊరంతా వినబడేలా కూసింది. విమాన దాడి అనుకుని కార్మికులంతా గేటు దాటి పరుగెత్తారు.

ఆ గందరగోళంలో లీడరు గొడుగు మడవబోయి వేళ్లు కోసుకున్నాడు. పిస్తోలు తీసి యేసుదాస్ డొక్కకు ఆనించాడు. దాన్ని మడవగలిగేది వీడొక్కడే, కారెక్కించండి అని కారులోని తన మనుషులతో అన్నాడు.

వేదవల్లి చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. అందులో పిస్తోలుంది. బాంబు తీగ కోసే కటింగ్ ప్లయరూ ఉంది. టైము మూడు యాభై ఆరు. జనం ఇంకా బాయిలర్ గోడ పక్కనుంచే వస్తున్నారు.

యేసుదాస్ ఆమెను చూశాడు. "దారం మళ్లా తెగుతుందమ్మా. నువ్వు పోయి చూసుకో."

లీడరు అది మిల్లు మాటే అనుకున్నాడు. వాళ్లు యేసుదాస్‌ను కారులోకి నెడుతుండగా ఆమె జనంలో కలిసి లోపలికి పరుగెత్తింది. తీగ తెగేసరికి మూడు సెకన్లు మిగిలాయి. ఆమె బయటికొచ్చేసరికి రోడ్డు మీద కారు లేపిన దుమ్ము మాత్రమే ఉంది.

తొమ్మిదివందల ప్రాణాలు కాపాడిన ఆ హెల్మెట్, ఆ పని చేసినప్పుడు ఎవరి తలమీదా లేదు.

1943 ఆగస్టు 16న సింగానల్లూరు నుంచి వెళ్లిన యేసుదాస్ తిరిగి రాలేదు.