లాల పోసే పీట

అవనిగడ్డలో అరుణకుమారి ఇంట్లో పొద్దున్నే మొదట మోగేది పాలచెంబు. కాకులు ఆ తర్వాతే. పెరట్లో రెండు గేదెలున్న ఇల్లాలికి పాలూ పెరుగూ లేని వంటిల్లు ఊహకే అందదు. అలాంటి ఇంట్లో కోడలు హిమబిందు రెండు నెలలుగా డికాక్షన్‌లో ఇంత బెల్లం వేసుకుని, మందు మింగినట్టు కళ్లు మూసుకుని తాగుతోంది.

కారణం ఒళ్లో ఉన్న అయిదు నెలల సుమేధ. మూడో నెలలో పాప విరేచనంలో జిగురూ, ఎర్రటి చారలూ కనబడ్డాయి. హడలిపోయి బందరు తీసుకెళ్తే పిల్లల డాక్టరుగారు అన్నీ చూసి, "పాలల్లో ఉండే ప్రొటీను పాప పేగుకి పడటం లేదమ్మా. నువ్వు తిన్నది నీ పాలల్లోంచి పాపకి వెళ్తోంది. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానెయ్. ఆవుదైనా గేదెదైనా ఒకటే. చాలామందికి ఏడాది దాటేసరికి సర్దుకుంటుంది, కంగారుపడకు" అన్నారు.

"పాలు పడకపోవడమేంటి, చోద్యం కాకపోతే!" అని అరుణకుమారి మొదట మూతి విరిచిన మాట నిజమే. కానీ మనవరాలి ముందు ఏ పట్టింపూ నిలవలేదు. కోడలికి గిన్నెలు వేరు చేసింది, గరిటె వేరు చేసింది, పోపు నూనెతోనే పెట్టింది. తనకంటూ ఉంచుకున్న సరదా ఒక్కటే. అది లాల పోయడం.

ఎండ పెరట్లోకి రాగానే చిన్నపీట మీద కూర్చుని కాళ్లు చాచి, వాటి మీద మనవరాలు బుజ్జమ్మని పడుకోబెట్టుకునేది. పసి ఒళ్లు పట్టులా ఉండాలని సున్నిపిండిలో ఇంత మీగడ కలిపి నలుగు పెట్టేది. కాళ్లూ చేతులూ సాగదీసి, చివరగా చూపుడువేలు నోట్లో పెట్టి గొంతులో చేరిన కఫం, గళ్ల తీసేది. అత్తగారు నేర్పిన పద్ధతి, తన పిల్లలకీ అలాగే పోసింది. ఆ కాసేపూ ఆవిడకి ఇంకో లోకం ఉండేది కాదు.

ఆ రోజు వంకాయలు తరుగుతుంటే కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పాప గుడ్డ.

"మళ్లీ రక్తం పడింది అత్తయ్యా."

కత్తిపీట మీద అరుణకుమారి చెయ్యి ఆగింది. "అయ్యో! నిన్న బాగానే ఉందిగా తల్లీ."

"ఎక్కడినుంచో పాలు అందుతున్నాయని మొన్న డాక్టరుగారు అన్నారు. నేను ముట్టుకోవడం లేదు. నిజం చెప్పండి, పాపకి ఏమైనా నాకించారా? నా కూరల్లో ఏమైనా కలిపారా?"

"ఎంత మాటన్నావే! దాని మీద ఒట్టు, ఒక్క చుక్క పెట్టలేదు."

"పసిపిల్ల మీద ఒట్లు వెయ్యకండి!" బిందు అరిచింది. "నేను పెరుగన్నం తిని రెండు నెలలైంది. కలలోకి కూడా పెరుగే వస్తోంది, తెలుసా మీకు? ఇంత చేసినా నా బిడ్డకి రక్తం పడుతుంటే నేనెవర్ని అడగాలి?"

బందరు బ్యాంకుకి బయల్దేరబోతున్న కృష్ణచైతన్య టిఫిన్ డబ్బాతో అక్కడే నిలబడిపోయాడు. తల్లికి చెప్పలేడు, పెళ్లానికి చెప్పలేడు. "బిందూ, అమ్మ అలా చెయ్యదు..." అన్నాడు నీళ్లు నములుతూ.

"మరి ఎవరు చేశారండీ? నన్ను గుడివాడలో దింపెయ్యండి. కొన్నాళ్లు మా అమ్మ దగ్గరుంటాను."

ఆ మధ్యాహ్నమే బిందు పుట్టింటికి వెళ్లిపోయింది. ఆటో ఎక్కేటప్పుడు సుమేధ నాన్నమ్మని చూసి బోసినవ్వు నవ్వింది. అరుణకుమారి చెయ్యి చాచబోయి, కోడలి మొహం చూసి వెనక్కి తీసుకుంది.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. మొగుడూ కొడుకూ ఉన్నా ఆవిడ చెవులు పాప ఏడుపు కోసమే వెతుక్కునేవి. పెరట్లోకి ఎండ వచ్చేసరికి అలవాటు చొప్పున నీళ్లు కాచేది. ఒకరోజు వేడినీళ్ల బకెట్ పక్కన పీట వేసుకుని, కాళ్లు చాచుకుని ఊరికే కూర్చుంది. శేషగిరిరావు చూసి, "ఎవరికే పోస్తున్నావు నీళ్లు?" అని వేళాకోళం ఆడబోయి, భార్య కళ్లు చూసి తువ్వాలు భుజాన వేసుకుని మెల్లగా తప్పుకున్నాడు. పాప బరువు ఆవిడ మోకాళ్లకి తెలుసు. ఆ బరువు లేక కాళ్లు లాగేవి.

రెండు వారాలు దాటాక, భోజనం చేస్తూ కొడుకు చెప్పాడు. "అక్కడ బాగుందమ్మా. ఎర్రచారలు పూర్తిగా పోయాయి."

"పోన్లేరా, చల్లటి మాట చెప్పావు" అంది. మనస్ఫూర్తిగానే అంది. కానీ తన ఇంట్లో తగ్గనిది అక్కడ తగ్గిందన్నది మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. తను ఏం తప్పు చేసింది?

మర్నాడు పొద్దున్న కాగి చల్లారిన పాల మీద మీగడ తీసి చిన్నగిన్నెలో వేసింది. వేలికి అంటుకున్నది ఎప్పటిలాగే నోట్లో పెట్టుకుంది.

ఆ వేలు నోట్లోనే ఉండిపోయింది.

మీగడ కలిపిన నలుగు. నలుగు పెట్టిన చెయ్యి. కడగకుండా అదే వేలు బుజ్జమ్మ నోట్లోకి. రోజూ. ఒంటికి పూసేది కడుపులోకి ఎలా వెళ్తుందని ఏనాడూ అనుకోలేదు. నెయ్యి చుక్క కూడా తగలకుండా గరిటెలు వేరు చేసింది గానీ, తన వేలిని వేరు చెయ్యలేదు. పైగా పసిదాని మీద ఒట్టేసింది! అరుణకుమారి గిన్నె పక్కన పెట్టి, జరిగింది మొగుడికి చెప్పి, గుడివాడ ప్రయాణం కట్టింది.

"ఫోన్‌లో చెప్పరాదుటే?" అన్నాడు శేషగిరిరావు, ఆవిడ చీర మార్చుకుంటుంటే.

"ఒట్టు ఎదురుగా వేశానండీ. ఇదీ ఎదురుగానే చెప్పాలి."

బందరు వెళ్లి, అక్కడ బస్సు మారి గుడివాడలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. తలుపు తీసిన బిందు ఆశ్చర్యంగా చూసింది. అరుణకుమారి గడప దాటకుండానే, "బిందూ, పాపకి పాలు పెట్టింది నేనేనే" అంది. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, నలుగూ మీగడా వేలూ ఒకదాని వెనక ఒకటి కక్కేసింది. "తెలిసి చెయ్యలేదమ్మా. కానీ చేసింది నేనే. నువ్వు పెరుగు మానుకుని చేసిన తపస్సంతా నా వేలితో పాడుచేశాను."

బిందు అత్తగారి చేతిలో సంచి తీసుకుంది.

"నేను కూరల్లో వెతికాను. మిమ్మల్ని దొంగని చేశాను. స్నానం చేసొచ్చిన పిల్లని ముద్దుపెట్టుకుంటే రోజూ మీగడ వాసన వచ్చేదండీ. నాకూ తట్టలేదు." ఆమె కళ్లు నిండాయి. "డాక్టరుగారికి చెబుదాం. ఒక్కటి మాత్రం... వేలు ఇక నోట్లో పెట్టొద్దు అత్తయ్యా."

"ఈ జన్మలో పెట్టను."

లోపలినుంచి పాప ఏడుపు వినబడింది. నాన్నమ్మ గొంతు విని ఏడ్చిందో, ఆకలికే ఏడ్చిందో దేవుడికే తెలియాలి. అరుణకుమారి మాత్రం మొదటిదే అనుకుంది.

"మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. బకెట్లోనే ఏదో ముంచి తీస్తున్నాం" అంటూ బిందు పెరట్లో పీట వేసింది. "పొయ్యండి."

చేతులు రెండుసార్లు కడుక్కుని, ఉత్తనీళ్లతో పిండి కలుపుకుని అరుణకుమారి కాళ్లు చాచింది. బిందు పాపని తెచ్చి ఆ కాళ్ల మీద పడుకోబెట్టింది. ఆ బరువు తగలగానే ఆవిడకి దుఃఖం ఆగలేదు. చివర్లో చూపుడువేలు అలవాటుగా పాప పెదాల దాకా వెళ్లి ఆగింది. ఆవిడ పిడికిలి బిగించి వెనక్కి తీసుకుంది.

"ఏడాది నిండనియ్యవే బుజ్జమ్మా" అంది, కన్నీళ్లు భుజానికి తుడుచుకుంటూ. "డాక్టరుగారు సరేననగానే కమ్మటి పెరుగు తోడుపెట్టి అన్నం కలుపుతాను. మొదటి ముద్ద నీక్కాదు. మీ అమ్మకి."

వెనకనుంచి నీళ్లు పోస్తున్న బిందు చేతిలో చెంబు ఆగిపోయింది.