ఆపమన్న మాత్ర

పొంగొచ్చిన పాలు దించి, ఆమె మాత్రల డబ్బా తీసింది. మంచం మీద కూర్చున్న భర్త చెయ్యి చాపాడు. ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. ముక్కు పక్క ఎముకల్లో ఫంగస్ చేరితే ఆపరేషన్ చేసి తీశారు. ఒక కంటికి ఇంకా కట్టు ఉంది. చేతిలో ఏం పెట్టిందో చూడకుండానే మింగేశాడు.

గుమ్మంలోంచి ఆడపడుచు చూస్తూనే ఉంది. ఆవిడ బస్సు కండక్టరు. వచ్చి మాత్రల అట్టలన్నీ తిరగేసింది.

"ఇది ఆపమన్నారు కదమ్మా డాక్టరుగారు?"

ఆమె పాలగిన్నె మీద మూత సర్దింది.

"నిన్నే! ఆపాక కూడా అట్ట ఖాళీ అవుతోందే? ఎలకలకేమైనా జబ్బు చేసిందా?"

"నేనే ఇస్తున్నాను వదినా."

"నాకు చెప్పకుండానా?" అన్నాడు భర్త.

ఆమె భర్త వైపు తిరిగింది. "వదిన ఇచ్చిన కిడ్నీ కోసమండీ. ఈ మాత్ర ఒక్కపూట తప్పినా ఒళ్లు దాన్ని పరాయిదనుకుని మీద పడుతుందన్నారు. పెళ్లిళ్లకెళ్లినా బ్యాగులో పెట్టుకునే వెళ్లాను. ఇప్పుడేమో అదే ఆపమంటారు. అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పింది నిజమా? నాకు బుర్ర పనిచెయ్యలేదు."

ఆడపడుచు ఆ పళంగా డాక్టరుకి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది. సంగతీ, ఆమె సందేహమూ విని డాక్టరు చెప్పారు.

"రెండూ నిజమేనమ్మా. పరాయిదాన్ని గుర్తుపట్టి, గుర్తుంచుకుని తరిమే కణాలు ఒంట్లో ఉంటాయి. కిడ్నీ జోలికి పోకుండా ఆ మాత్రతో వాటిని జోకొట్టాం. ఫంగస్‌ని తరమాల్సిందీ అవే. ఇప్పుడు కొంచెం లేపక తప్పదు. వెంటనే తీసుకురండి, స్కాన్ చేద్దాం. తలనొప్పి, జ్వరం, మొహం తిమ్మిరి ఉంటే ఫంగస్ మళ్లీ పాకుతోందేమో చూడాలి."

"అవి లేస్తే కిడ్నీ పోతుందా?" అని అడిగింది ఆమె.

"పోవచ్చు, నిలవచ్చు. కనిపెట్టుకుని ఉంటాం."

ఫోన్ పెట్టేశాక ఆమె నేల మీద కూలబడింది. "పోతే మీ మొహం ఎలా చూడను వదినా? ఒళ్లు కోయించుకుని ఇచ్చారు."

"ఇచ్చాక ఇంకా నాదేమిటే? అద్దెకిచ్చానా?" అని కసిరింది ఆడపడుచు. అంతలోనే తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "అది పోతే వీణ్ణి మళ్లీ డయాలసిస్‌కి తీసుకెళదాం. వీడే పోతే ఎక్కడికి తీసుకెళ్లను?"

ఆమె భర్త వంక చూసింది. ఆయన తలనొప్పి అన్నప్పుడల్లా నీళ్లు సరిగ్గా తాగారా అనే అడిగింది. ఒళ్లు వెచ్చబడితే కాళ్లు వాచాయేమోనని చూసింది. అంతా కిడ్నీ ధ్యాసే. నొప్పి ఎక్కడని అడిగిన గుర్తే లేదు.

"ఇప్పుడెలా ఉందండీ?"

"చెంప తిమ్మిరిగా ఉంటోంది," అన్నాడాయన నెమ్మదిగా. "నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

ఆడపడుచు చెప్పులేసుకుని ఆటో కోసం పరిగెత్తింది. ఆమె లేచి భర్త చెంప మీద వేళ్లు ఆనించింది.

"ఇక్కడా?"

"ఇంకాస్త కిందకి."

"ఇక్కడా?" అని అడుగుతూనే ఆమె బావురుమంది.