మెట్ల కింద పెట్టె

"ఇంకోసారి క్లాసు మధ్యలో నెట్ పోతే ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు సార్. ఎవరో కావాలనే చేస్తున్నారు," అంది టీచరు.

ఆమె మేడ మీద వాటాలో ఒక్కతే ఉంటూ, ఇంటర్నెట్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. సాయంత్రమయ్యేసరికి తెర మీద ముఖాలన్నీ బిగుసుకుపోతాయి. కాసేపటికి కనెక్షన్ దానంతటదే వస్తుంది. కేబుల్ అతను మోడెం మార్చాడు, పైవాటాలో వైరు మార్చాడు, చివరికి చేతులెత్తేశాడు. తనను ఖాళీ చేయించడానికి ఓనరమ్మ వేసిన ఎత్తని టీచరు అనుమానం.

డేగ అని పేరుపడ్డ డిటెక్టివ్ ఇంత చిన్న కేసు ఒప్పుకోవడం అసిస్టెంటుకు వింతగా తోచింది. అయినా డేగ కళ్ళ మీద నమ్మకంతో వెంట నడిచాడు.

"నెట్ పోగానే ఏం చేస్తారు?" అడిగాడు డేగ.

"అందరూ చేసేదే. కింది వాటా బాబాయిగారి తలుపు కొట్టి, మీకూ పోయిందా అంటాను. మాకూ పోయిందమ్మాయ్ అంటారు. టీ ఇచ్చి, వీధంతా పోయిందేమో చూసొస్తానని బయటికెళతారు. నేను పైకొచ్చేసరికి వచ్చేస్తుంది."

మెట్ల కింద చిన్న ఇనప పెట్టె ఉంది. అందులో, వీధి నుంచి వచ్చిన కేబుల్‌ను రెండు వాటాలకూ పంచే బిళ్ళ. ఒక కొనకు ప్లాస్టిక్ మూత, దాని నిండా దుమ్ము. రెండో కొన టీచరుది. దాని నట్టు తళతళలాడుతోంది. డేగ వేళ్ళతోనే అరచుట్టు వదులు చేసి, మళ్ళీ బిగించాడు. అసిస్టెంటు చూశాడే గాని, ఏమీ బోధపడలేదు.

కింది వాటా ఆయన గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. భార్య పోయాక ఆ గదిలో గోడ గడియారాలే మాట్లాడుతున్నాయి. బల్ల మీద మాత్రం రెండు కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి.

డేగ అందరినీ ఆ గదిలోకే పిలిచాడు.

"నాకు రిమోట్ నొక్కడమే రాదు నాయనా, నట్లు విప్పుతానా?" అని ఓనరమ్మ ముందే అందుకుంది.

డేగ కేబుల్ అతని వైపు తిరిగాడు. "ఆ మూత ఎవరు పెట్టారు?"

"నేనే సార్. పిన్నిగారు పోయాక కనెక్షన్ వద్దని బాబాయిగారే తీయించేశారు."

"లేని కనెక్షన్ ఎలా పోతుంది?" అన్నాడు డేగ మెల్లగా. "మాకూ పోయిందన్న మనిషే నట్టు వదులు చేశాడు. వీధి చూసొస్తానని వెళ్ళి బిగించాడు. అందుకే కేబుల్ అతను వచ్చేసరికి అంతా బాగానే ఉండేది."



"మొదటిసారి నిజంగానే పోయిందమ్మాయ్," అన్నాడు ముసలాయన, కప్పుల వైపు చూస్తూ. "ఆ రోజే నువ్వు నా తలుపు కొట్టావు. సినిమాలు చూస్తున్నావనుకున్నాను. పాఠాలని తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాను."

టీచరు ముఖం కందిపోయింది. లేచి మెట్లెక్కసాగింది. కేబుల్ అతను నట్టును స్పానరుతో బిగించి, పెట్టెకు తాళం వేశాడు.

"ఇక పోదా?" అడిగాడు ముసలాయన.

"జన్మలో పోదండీ," అన్నాడతను గర్వంగా.

కేసు గెలిచాక కూడా సంతోషం కలగకపోవడం అసిస్టెంటుకు అదే మొదటిసారి.

మెట్ల మధ్యలో అడుగుల చప్పుడు ఆగింది.

"బాబాయిగారూ, నా క్లాసు ఆరింటికి అయిపోతుంది," అంది టీచరు, వెనక్కి తిరక్కుండానే.