భిక్షం తన్నిన కంచం

భిక్షం శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి వచ్చి వల ఆరేసేసరికి కోడలు భవాని చాయ్ తెచ్చి ఇచ్చింది. అతను గ్లాసు అందుకుంటూ, "నెలలు నిండుతున్నయి బిడ్డా, నువ్వెందుకు లేసినవ్? మీ అత్త లేదా?" అన్నాడు.

"అత్తమ్మ చాపలు కడుగుతాంది మామా. అయినా నీతోని జర భయంగనే ఉండాలె గద! సినిమాల జూసిన," అని భవాని నవ్వింది. పెరట్లోంచి శివమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వులకు కారణం ఉంది. పోయినేడు చెరువు కట్ట దగ్గర షూటింగ్ జరిగినప్పుడు, భిక్షం బుర్ర మీసాలు దర్శకుడికి తెగ నచ్చేశాయి. కోడలి ముందున్న అన్నం కంచాన్ని కాలితో తన్నే కఠినమైన మామ వేషం ఇచ్చాడు. ఉన్నది ఒకటే సీను. అన్నాన్ని తన్నడానికి కాలు రాక భిక్షం అందరినీ చాలాసేపు ఎండలో నిలబెట్టి, చివరికి ఎలాగో తన్నాడు. సినిమా ఈమధ్యే విడుదలైంది. అప్పటినుంచి వాళ్ల ఊరు అలియాబాద్‌లో చిన్నపిల్లలు అతన్ని చూస్తే తల్లుల కొంగు చాటుకు పోతున్నారు. చాయ్ బండి అమీర్ అలీ మాత్రం "విలన్ సాబ్" అంటూ సలాం కొడుతున్నాడు. భిక్షానికి రెండూ సరదాగానే ఉన్నాయి.

ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది. మచ్చ బొల్లారం నుంచి భవాని తల్లి దుర్గాబాయి దిగింది. చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

"బట్టలు సదురుకో. ఇంటికి పోదాం నడువ్."

"ఏమైందమ్మా?"

"నిన్న గా సినిమా జూసిన. గీ మనిషి ఇంట్ల నిన్ను ఇగ ఒక్క దినం గూడ ఉంచ."

భిక్షం నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"అది సినిమా చెల్లె! వాళ్లు జెయ్యమన్నరు, జేసిన."

"ఊకో అన్నా! లోపల లేనిది మొకంల ఎట్లొస్తది? గా సూపు ఉత్తగనే వస్తదా?"

శివమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "అయ్యో వదినా! గీయన నా ముంగట నోరెత్తడు. గా మీసాలు జూసి పరేషాన్ గాకు."

"నీ మొగన్ని నువ్వు ఎనకేసుకొస్తవు తియ్యి."

భవానికి కోపం వచ్చింది. చెయ్యి విడిపించుకుంది. "అమ్మా, చాప ముక్కల ముండ్లు ఏరి నాకు పెట్టేది ఎవరనుకున్నవ్? గీ మామనే. నేను తినేదాంక పక్కకెల్లి లేవడు. నేను రాను."

దుర్గాబాయి గడప దగ్గర కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నువ్వు నా కడుపుల ఉన్నప్పుడు బిడ్డా... మా మామ గట్లనే కంచం తన్నిండు. నేను కింద పడ్డ మెతుకులు ఏరుతుంటె ఇంట్ల ఒక్కరు మాట్లాడలే. మీ నాయిన గూడ తల ఒంచుకున్నడు. నిన్న హాల్ల గంత మంది ఆ పిల్లను జూసి అయ్యో అన్నరు. గా పొద్దు నన్ను జూసి ఎవ్వరు అన్లే."

భవాని ఈ సంగతి ఎన్నడూ వినలేదు. తల్లి పక్కన చేరి భుజం మీద తల ఆనించింది.

ఇన్నాళ్లూ భిక్షం ముచ్చటగా చెప్పుకుని నవ్వుకున్నది ఈమె నిజంగా అనుభవించింది. అతను లోపలికి వెళ్లి, కంచంలో వేడి అన్నం, రాత్రి మిగిలిన చేపల పులుసు వడ్డించుకొచ్చాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, రెండు చేతులతో కంచాన్ని ముందుకు జరిపాడు.

"తిను చెల్లె. పొద్దుగాల ఏం తినకుంటనే ఎల్లినట్టున్నవ్."

దుర్గాబాయి కళ్లు తుడుచుకుంది. కంచం వైపు చూసింది, అతని మీసాల వైపు చూసింది. ముద్ద కలిపి ఆగింది.

"ఒక్క మాట అడుగుత అన్నా. నువ్వు తన్నినంక గా పిల్లకు అన్నం పెట్టిన్రా?"

ఏ పిల్ల అని అడగబోయి, భిక్షం సర్దుకున్నాడు.

"పెట్టిన్రు చెల్లె. సీను అయినంక నా పక్కన్నే కూసొని కడుపునిండ తిన్నది. కూర మంచిగున్నదని మల్ల అడిగి ఏసుకున్నది గూడ."

దుర్గాబాయి గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలింది. "మంచిగైంది," అంటూ ముద్ద నోట్లో పెట్టుకుంది.