చేయి మార్చుకోమన్న ఫోన్

"సిగ్నల్ రావట్లేదండీ" అంటూ కేకుల అబ్బాయి మళ్లీ సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద ఫోన్ పెట్టాడు.

అతను రెండు వీధుల అవతలి బేకరీలో కేకుల మీద క్రీమ్‌తో పూలు వేస్తాడు. చొక్కా ఉతికినదే గానీ, చెవి వెనక కాస్త క్రీమ్ ఉండిపోయింది. కౌంటర్ అమ్మాయి నవ్వు ఆపుకుని ఫోన్ అందుకుంది.

"నిండుగా ఉందండీ సిగ్నల్."

"మీ చేతిలో ఉంటుంది. నా చేతికి రాగానే అలుగుతుంది."

"ఏదీ, పట్టుకోండి."

అతను ఎడమచేత్తో పట్టుకున్నాడు. తెర మీది గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

"ఎడమచేతి వాటమా?"

"పుట్టినప్పటి నుంచీ."

"ఈ మోడల్‌కి ఎడమవైపు కింది మూల మూస్తే సిగ్నల్ పోతుంది. కుడిచేత్తో పట్టుకోమని మా కంపెనీ చెబుతోంది."

"అంటే ఫోన్ బాగానే ఉంది. నేనే తేడాగా పుట్టానన్నమాట."

ఆమె గొంతు తగ్గించింది. "నేనన్నానని ఎవరికీ చెప్పకండి. వేరే కంపెనీది కొనుక్కోండి."

"కుదరదండీ. మా నాన్న మొదటి ఫోన్ ఈ కంపెనీదే. పిండి కలిపే మిషన్‌లో పడి, బయటికొచ్చి కూడా మోగింది. ఒకసారి నమ్మాక వదిలెయ్యడం మా ఇంటావంటా లేదు."

ఆ మాట ఆమెకు నచ్చింది. అంత నమ్మకం పోయిపోయి ఈ ఫోన్ మీద పెట్టాడే అని జాలీ వేసింది.

అంతలో వాన దంచింది. షాపు చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. వాన ఆగింది. ఆగిందని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఆ తర్వాత అతను ఏ ఫిర్యాదూ లేకుండానే రాసాగాడు. ఆమె కూడా సాయంత్రమయ్యేసరికి వీధి వైపు చూడటం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లోనే కంపెనీ ఆమెను వేరే ఊరి బ్రాంచికి మార్చింది.

సంగతి విని కేకుల అబ్బాయి కౌంటర్ మీది ఫోన్‌ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి అడిగేశాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "రేపు బస్సెక్కాక ఫోన్ చేసి చెప్తాను. ఎదురుగా ఉంటే నాకు మాట రాదు."

మర్నాడు బేకరీలో అతని ఫోన్ మోగింది. కంగారులో అలవాటైన చేత్తోనే ఎత్తాడు.

"నాకు మీరంటే..." అని వినిపించింది. ఆపైన నిశ్శబ్దం. తిరిగి చేస్తే కలవలేదు.

అక్కడ బస్టాండులో ఇంకా కదలని బస్సులో ఆమె దాచుకున్నదంతా చెప్పి, జవాబు కోసం ఆగి, అప్పుడు ఫోన్ చూసుకుంది. కాల్ ఎప్పుడో పోయింది. రోజంతా కాల్ తెగిపోయిందన్న ఫిర్యాదులే వినే పిల్ల, తన దాకా వచ్చేసరికి అతనే పెట్టేశాడనుకుంది. మనసు చివుక్కుమంటే తెలిసిన విషయం కూడా గుర్తురాదు.

ఫోన్ ఆపేసి సంచిలో పడేసింది. "వద్దనుకున్నాడమ్మా" అంది పక్కనున్న తల్లితో.

మాట మధ్యలోనే విడిపోయినవాళ్లు మళ్లీ కలుస్తారన్న భరోసా లేదు. కేకుల అబ్బాయికి ఆ భయమే పట్టుకుంది. ఏప్రన్ విప్పకుండానే బస్టాండుకి పరుగెత్తాడు. బస్సు స్టార్టయి ఉంది. కిటికీలన్నీ వెతుక్కుంటూ వెళ్లి ఆమె ముందు ఆగాడు.

"ఎందుకు పెట్టేశారు?" అంది ఆమె, మొహం తిప్పుకుని.

"నేను పెట్టలేదు. ఎడమచేత్తో ఎత్తాను."

ఆమె నుదురు కొట్టుకుంది. "నాకెందుకు తట్టలేదు?"

"'నాకు మీరంటే' దాకా విన్నాను. మిగతాది చెప్పండి."

"ఇంతమందిలోనా?"

"ఇష్టమేనంది బాబూ" అంది పక్కసీటు నుంచి తల్లి. "తెగిపోయిన ఫోన్‌లో చాలా చెప్పింది. నీ బదులు నేనే విన్నాను."

"అమ్మా..." అంటూ కూతురు ఆమె కొంగు లాగింది.

బస్సు కదిలింది. అతను కిటికీ పట్టుకుని పక్కనే నడిచాడు. "ఈ ఫోన్ మార్చేస్తానండీ."

"మీ నాన్నగారు ఊరుకుంటారా?"

"ఆయనకి నేను చెప్పుకుంటాను. మిమ్మల్ని వదులుకోలేను గదా."

ఆమె తలొంచుకుంది. తల్లి ఆమె మీదుగా కిటికీ దగ్గరికి వంగింది.

"ఆదివారం మీ నాన్నగారిని తీసుకుని మా కొత్తింటికి రా. పోస్టాఫీసు పక్క సందు, ఆకుపచ్చ గేటు." బస్సు జోరందుకుంటుంటే గొంతు పెంచింది. "ముందు ఫోన్ చేస్తాననకు నాయనా, నేరుగా వచ్చెయ్."