కొండమీద ఒక్కరు

“ఎవరూ కదలొద్దు. దగ్గొద్దు, నవ్వొద్దు,” అంది డాక్టర్ మృదుల, టాబ్లెట్ మీంచి చూపు తిప్పకుండా.

గోదావరి రేవులో ఇసుకమీద కూర్చున్న రెండు వందల పైచిలుకు జనం ఊపిరి కూడా బిగబట్టారు.

“ఊపిరి తీసుకోవచ్చర్రా!” అని కొండమీది ఊరి పిల్ల వేట్ల గంగరత్నం అరిచేసరికి అంతా గొల్లుమన్నారు. తలల మీదుగా డ్రోన్ తూనీగలా సాగి, కొండవైపు వెళ్ళిపోయింది.

దాని పేరు నాడి, జనాభా లెక్కకోసం మృదుల తయారుచేసిన యంత్రం. మనుషులు ఇల్లిల్లూ తిరిగి జనాభా రాసుకునే రోజులు పోయాయి. నాడి ఆకాశంలోంచి రాడార్ తరంగాలు వదులుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రొమ్ము వెంట్రుకవాసి కదులుతుంది కదా, తిరిగొచ్చిన తరంగంలో ఆ కదలిక దొరుకుతుంది. ఏ ఇద్దరి గుండె లయా ఒకటి కాదు గనక ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టదు. తాటాకు కప్పు కిందున్నా, పొదల్లో నక్కినా వదలదు.

వదలకపోవడమే గంగరత్నానికి కావలసింది. వెనకటి లెక్కల్లో కొండెక్కినవాడెవడు? కింద సంతలో కూర్చుని షావుకారునడిగి, “కొండరెడ్లు ఓ నలభైమంది ఉంటారు” అని రాసుకుపోయేవారు. కిందటిసారి అదీ రాయలేదు. ఇప్పుడు గని కంపెనీ కొండకోసం కాచుక్కూర్చుంది. పాతికమంది ఉన్న కొండనైనా తవ్వకూడదని చట్టం ఉంది. ఉన్నారన్న కాగితమే లేదు. అందుకే గంగరత్నం మూడు నెలలు గడప గడపా ఎక్కి, ఊరిని ఒప్పించింది.

మామ్మ బొజ్జమ్మను తప్ప. లెక్కలవాళ్ళు కింద సంతకొచ్చారని తెలిస్తే చాలు, పొదలో దూరడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు.

“మేకల్ని ఎప్పుడు లెక్కపెడతారే పిల్లా? సంతకి తోలేముందు. నువ్వెళ్ళు, నేను రాను.”

మిగతా ఊరంతా దిగొచ్చింది. దూరాన్నుంచొచ్చిన చుట్టాన్ని దాహంతో కొండెక్కించడం వాళ్ళ ఇంటావంటా లేదు. జీలుగు కల్లు కుండలతో ఎదురెళ్ళి, రేవులోనే కూర్చోబెట్టి మర్యాద చెయ్యాలి. గంగరత్నం ముందే ఫోన్లో అడిగింది కూడా.

“మేమే కిందికొస్తే ఫర్వాలేదా మేడమ్?”

“ఎక్కడున్నా దానికి వినిపిస్తారు గంగా. రండి.”

లెక్క రోజున డాక్టరు రెండు దొప్పల కల్లు తాగి, “నువ్వు నా సొంత చెల్లెలివే” అంటూ భుజంమీద చెయ్యేసి ఫొటో దిగింది.

నెలకి జాబితా వచ్చింది. రేవు: దారిలో ఆగినవారు, రెండు వందల పదమూడు. కొండ: నివాసి, ఒకరు.

“నాడి అబద్ధం చెప్పదు గంగా,” అంది డాక్టరు ఫోన్లో. “ఎక్కడున్నవాళ్ళని అక్కడే రాస్తుంది.”

“మీకెప్పుడు తెలిసింది?”

“ఆ రోజే. మీరంతా రేవు లెక్కలో చేరడం తెరమీద కనిపించింది.”

“మా కల్లు తాగుతూ చూశారా?”

“మళ్ళీ ఎగరేస్తే మిషన్‌దే తప్పనేవారు. మొదటి ప్రదర్శన అది, పదిహేనేళ్ళ కష్టం... వచ్చే లెక్కలో నేనే దగ్గరుండి...”

“వచ్చే లెక్క పదేళ్ళకి మేడమ్. అప్పటికి కొండుండదు,” అని గంగరత్నం ఫోన్ పెట్టేసింది.

వారం తిరక్కుండా ఒక ఉద్యోగి నోటీసు పట్టుకుని, రొప్పుతూ కొండెక్కాడు. లెక్కల పేరుతో అంత పైకొచ్చిన మొదటి మనిషి అతనే. బొజ్జమ్మ సొరబుర్రతో మంచినీళ్ళిచ్చింది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకుని చదివాడు.

“ఈ కొండమీద నివాసి మీరొక్కరే అవ్వా. ఖాళీ చేస్తే కింద కాలనీలో మీకో ఇల్లు.”

“మరి నేను?” అంది గంగరత్నం.

అతను టాబ్లెట్ వెతికాడు. “మీరు రేవులో ఉన్నారండీ.”

“ఈ గుమ్మంలో నిలబడి నీతో మాట్లాడుతున్నాను కదయ్యా!”

“ఇందులో లేరండీ.”

బొజ్జమ్మ చుట్టూ మూగిన ఊరినంతా ఒకసారి కలయజూసింది.

“పోనీ బాబూ, వీళ్ళంతా ఆ ఇంట్లో నాతో ఉండొచ్చా?”

“చుట్టాలైతే మూడు రోజులుండొచ్చని రాసుంది.”

బొజ్జమ్మ సొరబుర్ర మళ్ళీ నింపి తెచ్చి, మనవరాలి చేతికిచ్చింది.

“తాగవే. ఇయ్యాల్టినుంచీ చుట్టానివి.”