జెండా పట్టుకుని పడిపోయినవాడు

మూతబడ్డ సోడా ఫ్యాక్టరీ మీది ఆ మేడగది పేరెత్తితే చాలు, వీధిలోవాళ్లు గొంతు తగ్గించేసేవాళ్లు. పొద్దుపోయాక లోపల టక్... టక్... అని చప్పుడట. తాళం వేసిన గదిలో దీపమట! నువ్వు చూశావా అంటే మాత్రం ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించేవాడు.

ఆ గది బొమ్మలాయనది. పాతకాలం యుద్ధాలను బల్ల మీద ఆడతారు చూశారూ, వాళ్లకి పడిపోయిన సైనికుల్ని చేసిచ్చేవాడు. ఏ దళానికి దెబ్బ తగిలితే దాని పక్కన ఒకణ్ణి పెడతారు, గుర్తుగా. బొటనవేలంత మట్టిబొమ్మ. పగలంతా సూదిమొనతో ముఖాలు దిద్దుకుని, చీకటి పడకముందే బుద్ధిగా ఇల్లు చేరేవాడు.

మరి చప్పుడు సంగతి మోసుకొచ్చింది సొంత బావమరిది! "బావా, నా మాట విను. రాత్రిపూట ఆ మెట్లెక్కకు." ఇక భార్య సరేసరి... "నా మీద ఒట్టండీ" అని చెయ్యి పట్టుకునేది. ఆవిడ పచ్చ రిబ్బను కట్టి దాచిన రెండో తాళంచెవి కనిపించకుండా పోతే, అదీ ఆ దెయ్యం పనేనంది.

ఒక్క బొమ్మ మాత్రం అమ్మకానికి కాదు. జెండా పట్టుకుని పడిపోయినవాడు... వాడి ముఖం, ఆ ఆట నేర్పి పోయిన అన్నయ్యది. సగమే ఉన్న ఎడమ కనుబొమ్మతో సహా. ఇంట్లో ఫొటో కూడా లేదు, ఆ ముఖం మిగిలింది అందులోనే. నకలు తీసివ్వమని ఎందరు బతిమాలినా, చచ్చినా తీయనన్నాడు.

ఆ రాత్రి కుండపోత వాన. మేడగది కప్పు కారుతుంది, అన్నయ్య తడిసిపోతాడు! భార్య చెయ్యి విదిలించుకుని పరుగెత్తాడు.

సగం మెట్లెక్కాడో లేదో — టక్... టక్...

తలుపు సందులో వెలుతురు. ఒక మెట్టు వెనక్కి దిగాడు. అయినా లోపలున్నది అన్నయ్య కదా... తోశాడు.

బల్ల నిండా అన్నయ్యలు!

వరసలు వరసలుగా, వెల్లకిలా. అందరికీ సగం కనుబొమ్మే. అందరి ముక్కు మీదా ఒకటే గీత... ఒకణ్ణి తీసి దీపం దగ్గర పెట్టి చూశాడు. అప్పుడు వెలిగింది, అది బొమ్మలు తీసే అచ్చుకి రెండు చెక్కలూ కలిసేచోట పడే గీత. చేత్తో చేసినదానికి ఉండదు.

బల్ల వెనక, చిన్న సుత్తితో అచ్చు తడుతూ బావమరిది.

"అసలుది ఏదిరా?" అన్నాడు.

"అందరూ అడుగుతుంటే నువ్వేమో ఇవ్వనంటివి... అచ్చులోంచి తీసేటప్పుడు తల నుజ్జయిపోయింది బావా..."

"నమ్మించి గొంతు కోశావు కదరా!"

గీత లేని అన్నయ్య ముఖం ఇక లోకంలో లేదు. వెనక్కి తిరిగాడు. తలుపు గొళ్లేనికి తాళం వేలాడుతోంది. అందులో తాళంచెవి... దానికి పచ్చ రిబ్బను.

మెట్ల కింద గొడుగు పట్టుకుని భార్య నిలబడి ఉంది.

"చెప్తే విన్నారు కాదు..." అంది వణుకుతూ. "కనబడిందా?"

తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"పైన ఉన్నది నీ తమ్ముడు. మరి ఇన్నాళ్లూ నా పక్కన పడుకున్నది... ఎవరు?"